ఏడు ప్రశ్నలు, దేవదానం అక్షరాలు

ఈ పెట్టెలో ప్రశ్నలు వేయాలి. నేను వేస్తున్నది జవాబు. పద్నాలుగేళ్ళు ఆలస్యమైన జవాబు. ఇన్నాళ్ళూ దీన్ని గుండెల మీద పెట్టుకునే తిరిగాను. తిన్నాను, నవ్వాను, పెళ్ళిళ్ళు చేశాను, సమాధుల దగ్గర నిలబడి ఏడ్చేవాళ్ళకి ధైర్యం చెప్పాను. లోపల ఇంత బరువుందని ఎవరూ పసిగట్టలేదు. పైకి తెలియనివ్వకపోవడం నాకు బాగా చేతనవును.

పేరు రాయను. ఈ పెట్టె పద్ధతే అది. తెనాలిలో ఏటా జరిగే మా క్రైస్తవ సభల్లో వేదిక పక్కన ఓ చెక్క పెట్టె పెడతారని మీకు నేను చెప్పక్కర్లేదు. అనుమానం ఉన్నవాళ్ళు పేరు లేకుండా కాగితం రాసి వేయొచ్చు. మూడో రోజు మధ్యాహ్నం సభాధ్యక్షులైన గురువుగారు ఒక్కొక్కటే తీసి చదివి జవాబు చెబుతారు. ఈ ఏడాది ఆ గురువుగారు మీరే. దీన్ని మనసులో చదువుకుంటారో, మైకులో చదువుతారో మీ ఇష్టం. నాకు రెండూ సమ్మతమే.

అరవైల మధ్యలో నాకు ఇరవై రెండేళ్ళు. రేపల్లె దగ్గర మా పేటలో లూథరన్ సంఘం. ఆదివారం బడిలో పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి, పెద్దల మీటింగుల్లో మినిట్సు రాసేవాణ్ణి. మాట్లాడటం మొదలుపెడితే జనం కదిలేవాళ్ళు కాదు. ఈ మాట సిగ్గుపడకుండా చెబుతున్నాను, ఎందుకంటే జరిగినదంతా ఈ నోటి వల్లే జరిగింది. నన్ను చర్చి గురువు చదువుకి పంపాలని పెద్దలు అనుకుంటున్న రోజులవి. మా అమ్మ నాట్లకీ కోతలకీ వెళ్ళి నన్ను చదివించింది. కొడుకు అయ్యగారవుతాడని తెలిశాక ఆవిడ నడకే మారిపోయింది.

దేవదానం నా ఈడువాడు. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండేవాడు. బోర్డులు రాయడం వాడి పని. రేపల్లె బస్టాండు చుట్టుపక్కల సైకిలు షాపు, రైసు మిల్లు, టిఫిన్ హోటలు, ఏ బోర్డు చూసినా వాడి చేతి అక్షరాలే. చదివింది ఐదో తరగతి. పొద్దున్నే బ్రష్షు పట్టుకునే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేవాడు. యేసు దేవుడా కాదా అని వాడు ఎన్నడూ ఆలోచించలేదు. ఆకలేస్తే అన్నం తిన్నంత మామూలుగా నమ్మేవాడు.

ఆలోచించింది నేను.

తెనాలిలో ఆర్నెల్లు ఓ బట్టల కొట్లో గుమాస్తాగా పనిచేశాను. ఆ కొట్టు అరుగు మీద మిషను పెట్టుకున్న టైలరు ఏ దేవుణ్ణీ నమ్మడు. మర్యాదస్తుడే. ఒకరోజు కత్తెర పక్కన పెట్టి అడిగాడు: మీ యేసు దేవుడే అయితే, చనిపోయే ముందు తోటలో మోకాళ్ళూని ఎవరికి ప్రార్థన చేశాడండీ అని. ఎగతాళికి కాదు, తెలుసుకుందామనే. నవ్వి ఊరుకున్నాను. సాయంత్రం రేపల్లె రైలెక్కాక ఆ నవ్వు పోయింది. ఎవరికి చేశాడు? తనకు తనే చేసుకున్నాడా? ఆ ఒక్కటి పట్టుకుని లాగితే మిగతావన్నీ వరసగా వచ్చాయి. లోకాంతం ఎప్పుడో తనకు తెలియదన్నాడే, దేవుడికి తెలియనిది ఉంటుందా? తండ్రి తనకంటే గొప్పవాడన్న మనిషి తండ్రితో సమానమెలా అవుతాడు? సమాధిలో ఉన్న ఆ మూడు రోజులూ లోకాన్ని నడిపిందెవరు? ముగ్గురైతే ఒక్కరెలా, ఒక్కరైతే ముగ్గురి పేర్లెందుకు? లెక్క చూస్తే ఏడయ్యాయి.

పెట్టెలో వేద్దామనుకున్నాను. కానీ మినిట్సు పుస్తకం వల్ల నా చేతిరాత పెద్దలందరికీ తెలుసు. గురువు చదువుకి వెళ్ళాల్సినవాడు యేసు దేవుడా అని అడిగితే ఇంకేమైనా ఉందా? అందుకని దేవదానం దగ్గరికి వెళ్ళి, నకలు రాసిపెట్టరా అన్నాను. అక్షరాలు కాస్త గీకి పారెయ్యమని కూడా చెప్పాను. వాడు సరేనన్నాడు. ఎందుకని అడగలేదు.

చెడరాయడం వాడికి చేతకాలేదు. ఎంత ప్రయత్నించాడో తెలియదు. మర్నాడు కాగితం తెచ్చిచ్చాడు. ఏడు ప్రశ్నలూ కొలిచి పెట్టినట్టున్నాయి. పైన శీర్షిక, దాని కింద రెండు గీతలు, ఒక్కో ప్రశ్నకీ మధ్య వేలెడు ఎడం. ముద్దుగా ఉంది. తొందరలో నేను సరిగ్గా చూడనే లేదు. మడత పెట్టి పెట్టెలో వేశాను.

అయితే ఆ ఏడాది వేదిక మీద కట్టిన గుడ్డ బ్యానరు రాసింది కూడా దేవదానమే. త్రియేక దేవునికి మహిమ అని మూరెడు అక్షరాలు. అప్పటి సభాధ్యక్షులు పెద్దయ్యగారు మా కాగితం తీశారు. రెండు ప్రశ్నలు చదివి ఆగారు. తలెత్తి బ్యానరు చూశారు. మళ్ళీ కాగితం చూశారు. పందిట్లో జనం కూడా తలలెత్తారు. రాసినవాడు లేచి నిలబడాలన్నారాయన. దేవదానం లేచాడు. రాసింది నేనేనండి అన్నాడు. అందులో అబద్ధం లేదు. ఎవరు నేర్పారని అడిగితే తల దించుకున్నాడు. నేను రెండు వరసల ముందు కూర్చుని ఉన్నాను. వాడు నా వైపు చూడలేదు. ఒక్కసారి చూసినా నేను దొరికిపోయేవాణ్ణి. అది తెలిసే చూడలేదా? చాలా ఏళ్ళు ఈ ఒక్క ప్రశ్నా నాలో నానుతూనే ఉంది. తెలిసే చూడలేదు.

ఇక్కడిదాకా నాది పిరికితనం. ఇరవై రెండేళ్ళవాడు భయపడ్డాడని సరిపెట్టుకోవచ్చు. తర్వాత చేసినదానికి ఆ సాకు కూడా లేదు.

పెద్దయ్యగారు నన్ను పిలిచి, వీటికి నువ్వు చెప్పు నాయనా అన్నారు. చెప్పాను. గంటసేపు చెప్పాను. నెలల తరబడి నా లోపల తిరిగిన ప్రశ్నలు కదా, వాటి ఆనుపానులన్నీ నాకు తెలుసు. మా అమ్మ ఒక్కతే మనిషి, నాకు తల్లి, మా తాతకు కూతురు, మా నాన్నకు భార్య, ముగ్గురయిందా అన్నాను. పందిరి ఊగిపోయింది. ఆమెన్లే ఆమెన్లు. తమాషా ఏంటంటే, ఆ పోలిక పూర్వమే సంఘం తోసిపుచ్చిన తప్పుడు బోధ అని చదువుకి వెళ్ళిన రెండో నెలలో మా పంతులుగారు చెప్పారు. తప్పుడు బోధ చేసినవాడు గురువయ్యాడు. అక్షరాలు గుండ్రంగా రాసినవాడు నాస్తికుడయ్యాడు.

పెద్దలు వాడికి షరతు పెట్టారు. ఎవరు నేర్పారో చెప్పాలి, లేదా సంఘం ముందు నిలబడి సందేహించానని ఒప్పుకుని పశ్చాత్తాపపడాలి. అప్పటిదాకా ప్రభువు బల్లలో చోటు లేదు. వాడు నా పేరు చెప్పలేదు. పడని అనుమానం పడ్డానని అబద్ధమూ చెప్పలేదు. దాంతో నెలనెలా సంస్కారపు ఆదివారం అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి లోపల మోకాళ్ళూనితే, వాడు బయట అరుగు మీద, చెప్పుల పక్కన కూర్చునేవాడు. వాళ్ళమ్మ మరియమ్మత్త మోకాళ్ళూనినప్పుడు పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలేది. ఆ చోట్లోకి ఎవరూ జరిగేవాళ్ళు కాదు.

తొమ్మిదేళ్ళు.

ఆ తొమ్మిదేళ్ళలో నేను చదువు ముగించాను, బాపట్లలో సేవ చేశాను, త్రియేకత్వం మీద మాట్లాడాలంటే నేనే అని పేరు తెచ్చుకున్నాను. పొన్నూరు పిలిచింది, చెరుకుపల్లి పిలిచింది, భట్టిప్రోలు రెండుసార్లు పిలిచింది. ప్రతిచోటా తెనాలి కథ చెప్పాను. ఒక అవిశ్వాసి ఏడు ప్రశ్నలు వేస్తే ఎలా నోరు మూయించానో చెప్పాను. అవిశ్వాసి అన్నాను. ఆ మాట ఎన్నిసార్లన్నానో నాకే గుర్తులేదు. చెబుతున్నంతసేపూ కళ్ళ ముందు దేవదానం నిలబడి ఉండేవాడు కాడా అంటే, ఉండేవాడు. ఉన్నా చెప్పాను. చప్పట్లు బాగుండేవి.

డెబ్బైల్లో నన్ను మా రేపల్లె సంఘానికే గురువుగా వేశారు. వచ్చిన మూడో వారం దేవదానం మా ఇంటికొచ్చాడు. వేళ్ళకి నీలం రంగు అంటుకుని ఉంది. చెప్పులు గేటు బయటే వదిలాడు. లోపలికి రారా అన్నాను. వసారా దాటి రాలేదు.

"అమ్మకి ఒంట్లో బాగోలేదండి అయ్యగారూ. పోయేలోపు నా పక్కన మోకాళ్ళూని బల్ల తీసుకోవాలని ఉందంటండి. ఈ ఆదివారం నిలబడతానండి."

"ఏమని నిలబడతావురా?"

"అనుమానపడ్డానని."

"నువ్వు పడలేదుగా."

"మీరు పడ్డారుగా. ఎవరో ఒకళ్ళం ఒప్పుకోవాలి గదండీ. నాకా ప్రశ్నలు ఇప్పటికీ తెలీవు. మీరిచ్చినయ్యి ఇచ్చినట్టు దించాను." గేటు వైపు చూస్తూ అన్నాడు, "మీరేమన్నా చెబుతారేమో అని ముందు ఇటొచ్చానండి."

తలుపు తెరిచి పెట్టాడు వాడు. నేను నోరు తెరిస్తే చాలు. ఆ నోరే కదా గంటసేపు పందిరి ఊపింది.

"తొమ్మిదింటికల్లా వచ్చెయ్," అన్నాను.

సరేనండి అని వెళ్ళిపోయాడు. చిన్నప్పటి నుంచి ఒరేయ్ అని పిలిచినవాడు నేను అయ్యగారినై వచ్చాక నన్ను ఒక్కసారి కూడా ఒరేయ్ అనలేదు.

ఆదివారం సంఘమంతా వచ్చింది. తెల్ల అంగీ వేసుకుని నేను పైన నిలబడ్డాను. వాడు కింద నిలబడ్డాడు. త్రియేక దేవుని గూర్చి సందేహించినందుకు పశ్చాత్తాపపడుచున్నావా అని నేను పుస్తకంలోది చదివాను. నేను, వాణ్ణి అడిగాను. పడుతున్నానండి అన్నాడు. నీ పాపములు క్షమింపబడినవి అన్నాను. మరియమ్మత్త పక్కన ఆ ఖాళీలో మోకాళ్ళూనాడు. వాడి అరచేతిలో రొట్టె పెడుతుంటే నా వేళ్ళు వాడి వేళ్ళకు తగిలాయి. మరియమ్మత్త ఏడుస్తూ నా చెయ్యి కళ్ళకద్దుకుంది. నెల తిరక్కుండానే పోయింది. కొడుకు తప్పు చేశాడని, నేను క్షమించానని నమ్మే పోయింది.

పెట్టెలో కాగితం వేసినందుకు నాకు ఇప్పుడు సిగ్గు లేదు. అడగాల్సిన ప్రశ్నలే అవి. ఈ రోజు ఎవరైనా కుర్రాడు అడిగితే కూర్చోబెట్టి మాట్లాడతాను. ఇంకో విచిత్రం కూడా చెప్పాలి. ఆ రోజు నమ్మకుండా చెప్పింది ఇప్పుడు నిజంగా నమ్ముతున్నాను. యేసు దేవుడే. తోటలో ఎవరికి ప్రార్థించాడో పూర్తిగా తెలిసిపోయి కాదు. ఒకడు తనది కాని తప్పు మీద వేసుకుని నోరు మెదపకుండా నిలబడటం ఎలా ఉంటుందో కళ్ళారా చూశాక, ఆ పని చేసినవాణ్ణి మనిషి మాత్రమే అనడానికి నాకు నోరు రాలేదు. నాకు నమ్మకం ఇచ్చింది చదువు కాదు, దేవదానం. వాడి తొమ్మిదేళ్ళు మింగి నేను విశ్వాసినయ్యాను. దీనికేం పేరు పెట్టుకోమంటారు?

క్షమించమని అడగడం లేదు. ఆ మాటలు నాకు కంఠతా వచ్చు, ఎంత తేలిగ్గా నోట్లోంచి వస్తాయో కూడా తెలుసు. దేవదానం ఇప్పటికీ నెలనెలా వచ్చి మోకాళ్ళూనుతాడు. నేను రొట్టె పెడతాను. ఆమెన్ అంటాడు. ఈ కాగితం వాడి చేతికి వెళ్తే ముందు అక్షరాలు చూసి నవ్వుతాడు. చదువుతాడో లేదో తెలియదు.

రాస్తుంటే చెయ్యి తేలికపడింది. అంతే, ఇంకేం మారలేదు.

పేరు రాయలేదు. కానీ ఈసారి ఎవరి చేతా నకలు రాయించలేదు. మా సంఘం బాప్తిస్మపు రిజిస్టరు ఒక్కసారి చూసినవాళ్ళెవరైనా ఈ వంకర రాత పోల్చుకుంటారు. మీరు కిందటేడు ఆ రిజిస్టరు తనిఖీ చేసి సంతకం పెట్టారు. మరోసారి చూడండి. తర్వాత తలెత్తి జనంలోకి చూడండి. రాసింది ఎవరని అడగండి. మూడో వరసలో ఉంటాను, లేచి నిలబడతాను.

ఆ ఏడు ప్రశ్నలూ నావి.