బేసిన్‌లో గడ్డ చూపించిన డాక్టరమ్మ

మొన్న మంగళవారం స్టాఫ్‌రూంలో జవాబుపత్రాలు దిద్దుతుండగా డాక్టర్ సత్యవతమ్మగారు పరమపదించారన్న వార్త అందింది. దిగ్భ్రాంతితో ఎర్రకలం ఆగిపోయింది. శ్రీకాకుళం స్త్రీల ఉదరబాధలను దశాబ్దాలపాటు హరించిన హస్తం అస్తమించింది. వాదనను సగంలో వదిలి వెళ్లిపోవడం మాత్రం ఆవిడ స్వభావానికే విరుద్ధం.

ఆవిడది పొట్ట తెరిచి చేసే శస్త్రచికిత్స. గర్భాశయంలోని ఫైబ్రాయిడ్ గడ్డను తీశాక స్టీలు బేసిన్‌లో పెట్టి, వరండాలోని బంధుగణానికి స్వయంగా చూపించేవారు. "సూడండి, కొబ్బరికాయంత! ఇది మోస్తంటే బద్ధకస్తురాలన్నారు కదా!" అనేవారు. అత్తగార్లు తలలు దించుకునేవారు.

నాకూ గడ్డ ఉందని తేలినప్పుడు, విశాఖ వెళ్లి రోబోతో చేయించుకుంటానన్నాను. వారంపాటు మా మధ్య మహాసంగ్రామం.

"నా సెయ్యి లోపలికెల్తే సెనగ్గింజంత గెడ్డయినా తగుల్తాది. ఆ మరమనిసికేటి తెలుస్తాదే?"

"మీ కోతకి నెలన్నర మంచమెక్కాలి. నా క్లాసులు మీరు చెప్తారా?"

"సెప్తాను. నీకంటే బాగానే సెప్తాను."

చివరికి స్కాన్ మరోసారి చూసి, విశాఖకు ఉత్తరం తానే రాసిచ్చారు. "ఒకటే గెడ్డ, కమలాపండంత. నీకు రోబోయే మేలు. డజనుంటే కదలనిచ్చేదాన్ని కాదు." అదేం చేస్తుందో చూడాలంటూ ఆమదాలవలసలో నాతోపాటు రైలు కూడా ఎక్కారు.

ఆపరేషన్ తర్వాత బేసిన్ కోసం ఎదురుచూస్తున్న మా అత్తగారికి నర్సు సీసాలో ముక్కలు చూపించిందట.

"ఇదేటమ్మా, గెడ్డ తియ్యమంటే పకోడీలు తెచ్చినారు?"

"సిన్న సిల్లులోంచి రావాలంటే ముక్కలు సెయ్యాల. నేను దగ్గరుండి సూసినాను, మొత్తం వచ్చేసినాది" అని సత్యవతమ్మగారు పూచీ పడ్డాకే అత్తగారు శాంతించారు.

నాకు మెలకువ వచ్చేసరికి డాక్టరమ్మగారు మంచం పక్కన కూర్చున్నారు.

"డాక్టరు దూరంగా కుర్సీలో కూకుని ఆ రోబోని నడుపుతాడే. ఆడి సెయ్యి వొణికినా లోపల కత్తి వొణకదంట."

ఎడమచేత్తో కుడిచేతిని అదిమిపట్టుకుని ఉన్నారు. ఆ కుడిచెయ్యి వణుకుతోంది.

"రెణ్ణెల్లయి కత్తి ముట్టలేదు. ఎవులికీ సెప్పకు."

వారంపాటు ఆవిడ నాతో పోరాడింది ఆ చేతి పక్షానని అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇవాళ చెబుతున్నాను, తిట్టడానికి ఆవిడ లేరు గనక.

బుధవారం అంతిమదర్శనానికి వెళ్తే వాకిలి నిండా ఆవిడ ఆపరేషన్ చేసిన స్త్రీలే. కళ్లొత్తుకుంటూనే కోతలు పోల్చుకుంటున్నారు.

"నాది నిలువు."

"నాది అడ్డం. కుట్టు సూడు, ఎంత సక్కగుందో!"

"మరి నీదేదమ్మా?" అని నన్నడిగారు.

నావి నాలుగు చుక్కలు, వెతికితే గానీ కనబడవు. వాదన నేనే గెలిచాను, డాక్టరమ్మగారూ. ఆ వాకిట్లో చూపించుకోవడానికి మీ చేతి గుర్తు లేనిదాన్ని నేనొక్కదాన్నే.