ఫ్రిజ్‌లో రాయైన మాత్ర

మాత్రని అడకత్తెరతో కోసిన తండ్రిని ఎక్కడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, మీకు టీ పోస్తున్నది ఆయనే! బిస్కెట్ తీసుకోండి, చెబుతాను.

నేను కువైట్‌లో ఉంటానని మీకు తెలుసు కదా. అక్కడ ఏం పని చేస్తానో మాత్రం ఇప్పుడే అడక్కండి. చివర్లో ఎలాగూ బయటపడుతుంది. మా ఆవిడా, పదమూడేళ్ల మా హాసినీ ఇక్కడ రాజోలు దగ్గర ఉంటారు. నేను పిల్లని పెంచేదంతా వీడియో కాల్‌లోనే. గొడుగు తీసుకెళ్లావా, పాలు తాగావా, చెప్పుల బదులు బూట్లు వేసుకున్నావా... అన్నీ అక్కణ్ణుంచే!

హాసినికి చిన్నప్పుడు రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. మందు వాడుతున్నాం, మూడేళ్లుగా మళ్లీ రాలేదు. పొద్దున అర మాత్ర, రాత్రి ఒకటి. ఒక్క పూట కూడా తప్పకూడదని డాక్టరు గారు ఒకసారి చెప్పేరు. నేను రోజుకి రెండుసార్లు చెబుతాను.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కిందటి నెల ఒక స్నేహితుడు ఊరొస్తుంటే అతని చేత నాలుగు ప్లాస్టిక్ డబ్బాలు పంపాను. ఒక్కో డబ్బాకి ఏడు గదులు, మూతల మీద ఏడు వారాల పేర్లు. "నెల మాత్రలన్నీ రేకుల్లోంచి తీసి గదుల్లో సర్దు. డబ్బాలన్నీ ఫ్రిజ్‌లో పెట్టు" అని ఆర్డరు వేశాను. కువైట్ ఎండలకి మా గదిలో అందరం మందులు ఫ్రిజ్‌లోనే పెట్టుకుంటాం మరి!

"ఏవండీ, రేకు మీద తడి తగలని చోట ఉంచమని రాసుందండీ" అంది మా ఆవిడ.

"ఫ్రిజ్‌లో వాన కురుస్తుందా ఏంటి?" అన్నాను. ఎంత తెలివో చూడండి!

పోయిన సోమవారం సెలవు మీద వచ్చేను. ఆ శనివారం స్కూలు వాళ్లు పిల్లల్ని గోదావరి ఒడ్డున ఉన్న దిండి తీసుకెళ్లి హౌస్‌బోటు ఎక్కిస్తారట. హాసిని నెల రోజులుగా ఆ బోటు కబుర్లే. "మందు సరిగ్గా పడుతుంటే పంపండి, భయం లేదు" అన్నారు డాక్టరు గారు.

మంగళవారం పొద్దున నా చేతుల్తో వేద్దామని డబ్బా తీశాను. మాత్రని మధ్య గీత దగ్గర విరవబోయాను. విరగలేదు. "వారం నుంచీ ఇలాగే మొరాయిస్తున్నాయండీ" అంది మా ఆవిడ. చాకు పెట్టాను. జారిపోయింది. చివరికి అడకత్తెర తెచ్చి నొక్కితే టప్పుమని రెండై, ఒక ముక్క ఎగిరి ఇడ్లీపాత్రకి ఖణేల్మని తగిలింది!

"నాన్నా, ఇది మాత్రా, గోళీకాయా?" అంది హాసిని.

డబ్బా పట్టుకుని, పిల్లని బండెక్కించుకుని మెడికల్ షాపుకి పరిగెత్తాను. షాపు సత్తిబాబు గారు మాత్రని గోటితో నొక్కి చూసి, రెండు గ్లాసుల్లో నీళ్లు పోసేరు. ఒకదాంట్లో రేకులోంచి తీసిన కొత్త మాత్ర, రెండోదాంట్లో మా డబ్బా మాత్ర. కొత్తది కాసేపటికే విచ్చుకుని అడుగున పిండిలా పరుచుకుంది. మాది మునిగిన చోటే కూర్చుంది, కదిలితే ఒట్టు!

"మందు అదేనండి, లోపల పలుకు మారిపోయిందండి" అన్నారాయన. "పంచదారా, పటికబెల్లమూ ఒకటే కదండీ? నోట్లో వేసుకుంటే ఒక్కలా కరుగుతాయా? ఈ మందు తేమ పీల్చుకుని కొత్తరకం పలుకు కట్టేసిందండి. కడుపులో సరిగ్గా కరగదు, పూర్తిగా పని చెయ్యదు. కొన్ని మందులు వేడికి ఇలాగే మారతాయండి. తేమ తగలకూడదనే రేకుల్లో పెట్టి ఇస్తారు. ఎక్కడ పెట్టేరండీ వీటిని?"

"ఫ్రిజ్‌లోనండీ. రోజూ రెండు పూటలా బయటికి తీసి, మళ్లీ లోపల పెట్టేవాళ్లం" అంది హాసిని.

"ఆయ్! చల్లటి డబ్బా మన కోనసీమ గాలిలోకి వస్తే చెమట పట్టదా అండీ?"

డాక్టరు గారికి ఫోన్ చేస్తే చివాట్లు పెట్టి, కొత్త మాత్రలు మొదలుపెట్టమని, రక్తపరీక్ష చేయించమని చెప్పేరు. రిపోర్టు వచ్చేదాకా ల్యాబు వాళ్లకి గంటకోసారి ఫోన్ చేశాను. హాసిని బోటు ఊసెత్తడం మానేసింది. అది చివాట్ల కన్నా గట్టిగా తగిలింది. శుక్రవారం సాయంత్రం డాక్టరు గారి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది: రక్తంలో మందు కాస్త తగ్గింది, కంగారు లేదు, పెద్దవాళ్లు ఒకరు పక్కనుంటే బోటెక్కించొచ్చు!

ఆ పెద్దవాణ్ణి నేనే. రేకు జేబులో, రేకు చుట్టూ కవరు, కవరు మీద రుమాలు. బోటులో హాసినికి ఆనుకుని కూర్చున్నాను. ఎదురుగా వాళ్ల టీచరు గారు పలకరించేరు. "కువైట్‌లో తమరేం చేస్తారండీ?"

నేను గొంతు సవరించుకునే లోపే మా పిల్ల అందుకుంది. "ఏసీ మెకానిక్కండి! చల్లటి చోట నీళ్లు ఎందుకు పడతాయో మా నాన్నకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదండి."

"ఆయ్" అని, గోదావరి వైపు తిరిగి కూర్చున్నాను.