సందేహం కొన్న పుస్తకం

మా తమ్ముణ్ణి చిన్నప్పటి నుంచీ అందరూ సందేహం అనే పిలుస్తారు. ఆ పేరు పెట్టింది నేనే. తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి, వేశానో లేదో అని మళ్ళీ వెనక్కి వచ్చేవాణ్ణి ఇంకేమని పిలవాలి? పంపు కట్టేశాడో లేదో వాడికి సగం అన్నం తిన్నాక గుర్తొస్తుంది. లేచి చూసి వస్తాడు. చొక్కా గుండీలు పెట్టుకున్నాక కూడా పైనుంచి కిందికి ఒకసారి తడుముకుంటాడు. అలాంటి మనిషి తన జన్మలో రెండే రెండు విషయాలను మారుమాట లేకుండా నమ్మాడు. ఒకటి పెళ్ళాం, రెండోది పిల్లనిచ్చిన మామ చేతిపని.

ఆ మామగారు మెకానిక్. ఆయనా, తమ్ముడి కుటుంబమూ కలిసి ఉండే ఇంటిని ఆనుకుని రేకుల షెడ్డు. అందులో ఆయన, ఆయన స్పానర్లు, ఆయన నోరు. నోరంటే మామూలు నోరు కాదు. బండిని సరిగ్గా చూసుకోనివాణ్ణి తిట్టడం మొదలుపెడితే వాడి ఏడు తరాలవాళ్ళూ దిగి రావలసిందే. మేమంతా ఆయన్ని పెద్దాయన అంటాం. నా ఇల్లు ఎదురుగానే. కిటికీ దగ్గర కుట్టుమిషను వేసుకుని కూర్చుంటాను కాబట్టి షెడ్డులో జరిగేదంతా నాకు కనిపిస్తుంది, వినిపిస్తుంది. పుస్తకం చూసి బండి బాగుచేసేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళు మంట. "పుస్తకం చూసి వంట చేసుకో, ఇంజను జోలికి రాకు" అని ఎంతమందిని తరిమేశాడో.

ఆయన దగ్గర పని నేర్చుకున్న శిష్యుడొకడు మెయిన్ రోడ్డు మీద సొంతంగా షాపు పెట్టుకున్నాడు. చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడని పెద్దాయనకు కోపం. ఇక ఆ ఇంట్లో వాడి ఊసెత్తితే భోజనాలు పాడయ్యేవి.

మా తమ్ముడికి ఒక వ్యాను ఉంది. ఆసుపత్రిలో మాసిన దుప్పట్లు, దిండు గలీబులు లాండ్రీకి తెచ్చి, ఉతికినవి తిరిగి ఆసుపత్రికి చేరుస్తాడు. ఇంటిల్లిపాదీ బతికేది ఆ వ్యాను మీదే. దానికి చిన్న జలుబు చేసినా పెద్దాయన చెయ్యి పడేది. తమ్ముడు బానెట్ ఎత్తబోతే, "నీకెందుకు అల్లుడూ, నువ్వు తోలు, నేను చూసుకుంటా" అనేవాడు. వీడు తోలేవాడు, ఆయన చూసుకునేవాడు. అలా చాలా ఏళ్ళు గడిచిపోయాయి.

ఆ పెద్దాయన ఒకరోజు షెడ్డులోనే పక్షవాతంతో పడిపోయాడు. కుడి చెయ్యి పోయింది, కుడి కాలు పోయింది. ఆ నోరు కూడా పోయింది. "ద... ద..." అన్న శబ్దం తప్ప ఇంకేమీ రాదు. రాసి చూపించమని పలక ఇస్తే ఎడమచేత్తో పిచ్చిగీతలు గీశాడు. తాను గీసింది తానే చూసుకుని ఏడ్చాడు. మాటలతో పాటు రాయడం కూడా పోయిందని, బుద్ధి మాత్రం ఎక్కడికీ పోలేదని, ఆయనకు అన్నీ తెలుస్తుంటాయని డాక్టరు చెప్పాడు. మేమంతా తలలూపి వచ్చాం. ఆ తలలూపడం ఎందుకు పనికొచ్చిందో మీరే వింటారు.

పొద్దున్నే ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి షెడ్డు ముందుకు తెచ్చేవాళ్ళు. ఇంకేమీ చెయ్యలేకపోయినా తన షెడ్డును చూసుకుంటాడని మా మరదలి ఆశ. కూతురు కదా.

కొన్నాళ్ళకు వ్యాను ఇంజనులోంచి టకటకమని చప్పుడు మొదలైంది. రెండుసార్లు దారిలో ఆగిపోయింది. ఆసుపత్రిలో దుప్పట్లు లేక రోగులు వట్టి పరుపుల మీద పడుకున్నారట. లాండ్రీ యజమాని పెద్దగా అరవలేదు. "ఇంకొక్కసారి ఆగిందంటే వేరే వ్యానుకు ఇచ్చేస్తానయ్యా, ఏమీ అనుకోకు" అని మెత్తగా అన్నాడు. ఆ మెత్తదనానికే తమ్ముడి గుండెల్లో రాయి పడింది.

"మెయిన్ రోడ్డు మీది శిష్యుడి దగ్గరికి తీసుకెళ్ళరా" అన్నాను.

"ఆ మాటనకక్కా. ఆయన కళ్ళెదుట బండిని వాడి షాపుకు తోలుకెళ్ళనా? ఉన్న ప్రాణం కాస్తా పోతుంది."

"మరేం చేస్తావు? చప్పుడు వింటూ కూర్చుంటావా?"

"నేనే చేస్తాను. ఆయన షెడ్డులోనే, ఆయన ముందే చేస్తాను. పుస్తకాలు దొరుకుతాయటగా."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దీపం స్విచ్చి వేసి, వెలిగిందా అని అడిగేవాడు ఇంజను విప్పుతాడట.

పాత పుస్తకాల దుకాణానికి నన్నూ వెంటబెట్టుకెళ్ళాడు. పెళ్ళికి ఒక్కమాటలో సరేనన్నవాడు ఆ పుస్తకం కోసం దుకాణం చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. బండ్ల పుస్తకాలన్నీ వెనకగదిలో, చెమ్మ వాసనలో, నేల మీద పేర్చి ఉన్నాయి. ఒకటి ఇటుకంత లావు, అన్ని రకాల వ్యాన్లకూ అదే. "అందరికీ చెప్పేది మనకేం చెబుతుందక్కా?" అని పక్కన పెట్టాడు. ఇంకొకటి పలచగా, నిండా రంగుల బొమ్మలతో ఉంది. బొమ్మలోని మనిషి చేతులకు మరక లేదని అదీ వద్దన్నాడు. ఒక పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టి, చెయ్యి తీసేస్తే దానంతటది మూసుకుపోతోందని తిప్పి ఇచ్చేశాడు. రెండు చేతులూ పనిలో ఉంటే పేజీ ఎవరు పట్టుకుంటారని వాడి బాధ.

చివరికి ఒకటి దొరికింది. అట్ట చిరిగి ఉంది, పేజీల అంచుల నిండా నల్లటి వేలిముద్రలు. వాడి మొహం వెలిగింది. "ఎవరో దీన్ని చూసి నిజంగా పని చేశారక్కా" అన్నాడు. వ్యాను తలుపు పక్కన బిగించిన రేకు మీది సంవత్సరం, మోడల్ అరచేతిలో రాసుకొచ్చాడు. పుస్తకం మొదటి పేజీతో ఒక్కో అంకే సరిచూశాడు. మళ్ళీ చూశాడు. నన్ను చూడమన్నాడు. అన్నీ సరిపోయాయి.

దుకాణదారు కళ్ళద్దాలు పైకి తోసుకుని, "బండి సంగతి సరే బాబూ, ఇంజను కూడా దీనిదేనా? పాత బండ్లకు మధ్యలో మార్చేస్తుంటారు" అని అడిగాడు.

"మా మామగారి చెయ్యి తప్ప దాని మీద ఇంకొకరి చెయ్యి పడలేదండీ" అన్నాడు తమ్ముడు. ఛాతీ రెండంగుళాలు పెరిగింది వాడికి. ఒక్క విషయాన్నైనా సందేహించకుండా చెప్పాడే అని నేనూ మురిసిపోయాను.

ఇంటికొచ్చి పుస్తకం చెప్పినట్టు ఇంజను ముందు మూత విప్పితే లోపలి బెల్టు నెర్రెలు విచ్చి ఉంది. లోపల తిరిగేవన్నీ ఒక వరుసలో తిరిగేలా చూసేది ఆ బెల్టేనట. అది తెగినా, జారినా ఒకదాన్నొకటి గుద్దుకుని ఇంజను మొత్తం పోతుంది. పాత బెల్టు పట్టుకెళ్ళి అచ్చం అలాంటిదే కొత్తది తెచ్చాడు. ఇక దాన్ని ఎంత బిగువుగా కట్టాలన్నదే అసలు పని. ఆ లెక్క పుస్తకంలో ఉంది. పేజీ తెరిచి, ముందు పెద్దాయనకు చూపిద్దామని కుర్చీ దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"మామయ్యా, మీరు చెప్పలేరు కాబట్టి దీన్ని అడుగుతున్నాను. ఏమీ అనుకోరుగా?"

పెద్దాయన పేజీ చూశాడు. చూసీచూడగానే ఎడమచేత్తో పుస్తకాన్ని కొట్టాడు. అది ఎగిరి నేల మీది నూనెలో పడింది. "ద... ద... ద..." మెడనరాలు ఉబ్బిపోయాయి. తమ్ముడు పుస్తకం తుడిచి మళ్ళీ తెచ్చాడు, ఆయన మళ్ళీ కొట్టాడు. ఒళ్ళోకి స్పానరు ఎలా వచ్చిందో గాని, పక్కనే బానెట్ ఎత్తి ఉన్న వ్యానులోకి చెయ్యి చాచి, దాంతో ఇంజను పక్కభాగం మీద టంగు టంగుమని బాదాడు. పుస్తకాన్ని చూపిస్తాడు, ఇంజను మీద బాదుతాడు, మళ్ళీ పుస్తకాన్ని చూపిస్తాడు. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి.

మరదలు పరిగెత్తుకొచ్చి స్పానరు లాక్కుంది. "నాన్నకు పుస్తకాలంటే పడదని తెలుసు కదండీ. ఆయనెదురుగా ఎందుకు తీశారు? బీపీ పెరిగితే ఏం కాను?"

"తప్పయిపోయింది" అన్నాడు తమ్ముడు.

అప్పటి నుంచి పుస్తకాన్ని చొక్కా లోపల దాచుకున్నాడు. వంటగదిలోకి వెళ్ళి ఒక పేరా చదవడం, షెడ్డులోకి వచ్చి ఆ పని చెయ్యడం, మళ్ళీ వంటగదిలోకి పోవడం. అయినా పెద్దాయన ఊరుకోలేదు. వీడు బెల్టు మీద చెయ్యి వేసినప్పుడల్లా కుర్చీలోంచి పడబోయేవాడు. ఆయన్ని లోపల పడుకోబెడితే గోడను తన్నేవాడు. ఇక వేరే దారి లేక కుర్చీని అటు తిప్పారు. మొహం వీధి వైపు, వీపు షెడ్డు వైపు. బరువు కదా, నేనూ ఒక పక్క పట్టాను. వచ్చేపోయేవాళ్ళను చూస్తూ కాస్త ఊరట పడతాడనుకున్నాం. పాపం, మెడ వెనక్కి తిప్పాలని చూసేవాడు. తిరిగేది కాదు.

పని పూర్తయింది. తాళంచెవి తిప్పగానే ఇంజను చక్కగా మోగింది. టకటక పోయింది. తమ్ముడు ఆపి, దిగి, మళ్ళీ ఎక్కి తిప్పి చూశాడు. అయిదారుసార్లు తిప్పాక నేనే కసిరాను. మరదలు వాడి మసిచేతులను తన కొంగుతో తుడిచింది. ఆ వారమంతా వ్యాను ఎక్కడా ఆగలేదు. లాండ్రీ యజమాని పలకరించి టీ ఇప్పించాడట. నలభై దాటాక మొదటిసారి వాడు తాళం వేసి వెనక్కి చూడకుండా నడిచి వెళ్ళడం నేను చూశాను. రోజూ వ్యాను బయలుదేరేటప్పుడు వీధి వైపు కూర్చున్న పెద్దాయన మాత్రం చెయ్యి అడ్డం చాచి "ద... ద..." అని ఏడ్చేవాడు. ఇంకా అలక తీరలేదనుకున్నాం.

వంతెన ఎక్కుతుండగా ఇంజను పోయింది. వ్యాను నిండా ఉతికిన దుప్పట్లు. లోపల ఏదో విరిగిన చప్పుడు వచ్చిందట, ఆ తర్వాత ఏ చప్పుడూ లేదట. గంటలోపే లాండ్రీ నుంచి ఇంకొక వ్యాను వచ్చి మూటలన్నీ ఎక్కించుకుంది. దానివాడు, పాపం మర్యాదస్థుడే, "రేపట్నుంచి నన్ను రమ్మన్నారన్నా" అని చెప్పి తల దించుకున్నాడట.

వ్యానును తాడుకట్టి లాక్కొచ్చింది మెయిన్ రోడ్డు శిష్యుడే. దారిలో చూసి, అడక్కుండానే ఆగాడు. ఇన్నేళ్ళ తర్వాత ఆ షెడ్డులో కాలు పెట్టి, వీధి వైపు తిరిగి కూర్చున్న గురువు కాళ్ళకు వంగి దణ్ణం పెట్టాడు. తర్వాత మూత విప్పి చూశాడు.

"బెల్టు జారింది. లోపలంతా విరిగిపోయింది, ఇక పనికిరాదు. ఇంత వదులుగా కట్టమని ఎవరు చెప్పారు?"

తమ్ముడు చొక్కాలోంచి పుస్తకం తీసి ఇచ్చాడు. శిష్యుడు పేజీలు తిప్పి, అట్ట చూసి, వీడి మొహం చూశాడు.

"ఇది ఈ బండి పుస్తకమే. కానీ ఈ ఇంజను ఈ బండిది కాదు కదన్నా."

ఇంజను పక్కన గడ్డకట్టిన మడ్డిని గుడ్డతో తుడిచాడు. కింద నంబరు బయటపడింది. పెద్దాయన స్పానరుతో బాదింది సరిగ్గా అక్కడే.

"నీకు కామెర్లొచ్చి ఆసుపత్రిలో ఉన్నావు చూడు, అప్పుడు మార్చాం. పాతది పూర్తిగా పోయింది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి గాని, దీనికి బెల్టు ఇంకా బిగువుగా ఉండాలి. నీకు చెప్పొద్దని గురువుగారు నాచేత ఒట్టేయించుకున్నారు. 'మావాడికి అన్నీ అనుమానాలే, ఇంజను వేరేదని తెలిస్తే జన్మలో ధైర్యంగా తోలలేడు, వాడి కంటికి నిద్ర ఉండదు' అన్నారు."

మరదలు తాను తండ్రి చేతిలోంచి లాక్కున్న స్పానరు వైపు చూసింది. నాకైతే ఎవరిని తిట్టాలో తెలియలేదు, నా జీవితంలో అలాంటి రోజు అదొక్కటే. ఒక మనిషి వద్దురా, ఇది కాదురా అని ఒంట్లో మిగిలిన బలమంతా పెట్టి మొత్తుకుంటే, పొగరనుకుని కుర్చీ తిప్పేశాం.

తమ్ముడు వెళ్ళి పెద్దాయన కుర్చీని తనవైపు తిప్పుకున్నాడు. ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, అదే పేజీ తెరిచి ఒళ్ళో పెట్టాడు.

"ఇది కాదనే కదా చెప్పారు, మామయ్యా? కొట్టండి. ఇంకోసారి కొట్టండి."

పెద్దాయన పేజీ చూశాడు. విరిగిన ఇంజనును చూశాడు. ఎడమచెయ్యి కుర్చీ చేతి మీదే ఉండిపోయింది.

ఇప్పుడు వ్యాను తుక్కుకు పోయింది. తమ్ముడు ఆ లాండ్రీలోనే మూటలు మోస్తున్నాడు, వేరేవాడి వ్యానులోకి. పొద్దున్నే వెళ్ళేముందు పెద్దాయన కుర్చీని షెడ్డు వైపే వేస్తాడు, సరిగ్గా ఉందా లేదా అని రెండుసార్లు చూస్తాడు. "మామయ్యా, ఏమైనా చెప్పాలా?" అని అడుగుతాడు. కాసేపు ఆగి చూస్తాడు. పెద్దాయన "ద" అని కూడా అనడం లేదు. వాడు వెళ్ళాక నా కిటికీలోంచి చూస్తుంటాను, ఆయన ఆ తిరగని మెడనే కొద్దికొద్దిగా తిప్పుకుని, ఆనాడు మేం తిప్పిపెట్టిన వీధి వైపే చూస్తూ కూర్చుంటాడు.