నలభై రోజుల కండకావరం

దేవుడి మీదే ఆధారపడ్డానని చెప్పుకుంటూ తిరిగే మనిషి ఎదురైతే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ముందు మండేది నా మీదే. గోదావరిఖనిలో ఆ మాట నా అంత గట్టిగా చెప్పుకున్నవాడు ఇంకొకడు లేడు మరి. తెలంగాణ రాష్ట్రం రావడానికి ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో ముందు సంగతి ఇది.

అప్పట్లో నేను భూమి లోపలి గనిలో బొగ్గు నింపేవాణ్ణి. చాలా గనుల్లోకి యంత్రాలు దిగాయి గానీ మా దగ్గర ఇంకా చేతిపనే. చెమ్మస్‌తో, అంటే వెడల్పాటి పారతో, బొగ్గు ఎత్తి తట్టలో పోసుకొని, తట్ట నెత్తిన పెట్టుకొని పోయి పట్టాల మీద నడిచే టబ్బులో కుమ్మరించాలి. ఎవరు ఎన్ని నింపారో లెక్కకు, నిండిన టబ్బు మీద ఎవరి నంబరు వాళ్ళు సుద్దతో రాసుకోవాలి. ఈ పనిలో నాకొక జోడీ ఉండేవాడు. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద, మంథని వైపు పల్లె నుంచి వచ్చినవాడు. నేను ఆయన్ని అన్న అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. ఆయన సమ్మక్కకు మొక్కేవాడు, నేను ఆదివారం మందిరానికి పోయేవాణ్ణి. పన్నెండేళ్ళు పక్కపక్కన చెమట కార్చాం గానీ ఆ సంగతి మీద ఒక్కనాడూ మాటా మాటా అనుకోలేదు.

మా కాలనీ మందిరం ఒక రేకుల షెడ్డు. ఆ ఏడు లెంటు, అదే ఈస్టరు ముందు వచ్చే ఉపవాస దినాలు, మొదలవుతుందనగా మా పాస్టరుగారికి ఒక ఆలోచన పుట్టింది. నలభై రోజులు ఉపవాసం ఉండేవాళ్ళ పేర్లు పెద్ద కాగితం మీద రాసి గోడకు అంటించారు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. సాయంత్రం ప్రార్థనకు వచ్చి, మన పేరు ఎదుట మనమే టిక్కు పెట్టుకోవాలి. పాస్టరుగారు అమాయకుడు, మమ్మల్ని భక్తిలో పెంచుదామనుకున్నాడు. మేం దాన్ని కోడిపందెం చేసుకున్నాం.

ఆ కాగితంలో మొదటి పేరు మా సంఘ పెద్దది. ఆయన గని ఆఫీసులో గుమాస్తా. ఫ్యాను కింద కూర్చొని, మధ్యాహ్నం ఫైలు మీద తల పెట్టి ఒక కునుకు తీసి, నాలుగింటికి ముఖం కడుక్కొని ఇంటికి పోయే మనిషి. అలాంటివాడికి ఉపవాసం ఒక లెక్కా? ఒక ఆదివారం అందరి ముందు నా వైపు చూస్తూ, "పాపం అండర్‌గ్రౌండోళ్ళతోని గాదు తియ్, దేవుడు వాళ్ళను అడుగడు కూడ" అన్నాడు. తిట్టినా ఊరుకునేవాణ్ణి. జాలిపడ్డాడు. మర్నాడే నా పేరు రాయించాను. గనిలో నీళ్ళన్నా తాగమని మా ఇంటావిడ బతిమాలింది. విశ్వాసం లేని మాటలు మాట్లాడొద్దని ఆమె నోరు మూయించాను. మొనగాణ్ణి కదా!

"ప్రభువా, నా బలం కాదు, నీ బలమే" అని రోజూ ప్రార్థన చేసేవాణ్ణి. మూడు వరుసల ముందు కూర్చున్న గుమాస్తాకు వినబడేంత గట్టిగా చేసేవాణ్ణి. దేవుడికి చెవుడు లేదని నాకు తెలుసు. ఆ ప్రార్థన దేవుడి కోసం కాదని కూడా తెలుసు.

మొదటి పది రోజులు ఒంట్లో ఉన్నదాని మీద నడిచాయి. ఆ తర్వాత లోపలి ఉక్కకు నాలుక పిడచగట్టుకుపోయేది. పది తట్టలు మోసేసరికి కళ్ళు బైర్లు కమ్మేవి. పక్కకు కూలబడి, కళ్ళు మూసుకొని స్తోత్రం స్తోత్రం అనుకునేవాణ్ణి. కళ్ళు తెరిచేసరికి టబ్బు నిండి ఉండేది, దాని మీద నా నంబరు ఉండేది. షిఫ్టు అయ్యేసరికి నా టబ్బులు ఎప్పటిలాగే ఉండేవి, ఒకటి కూడా తగ్గేది కాదు.

ఇక్కడ నన్ను నేను తప్పించుకోనివ్వను. పన్నెండేళ్ళు తట్ట మోసినవాడికి తను ఎంత మోశాడో తెలియకుండా ఉంటుందా? ఆ సుద్ద రాత తనది కాదని తెలియకుండా ఉంటుందా? తెలుసు. తెలిసే అడగలేదు. అడిగితే ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే ఉపవాసం మానాలి, మానితే గుమాస్తా గెలుస్తాడు. అంతటితో ఆగానా? ఇరవయ్యో రోజు దాటాక మందిరంలో సాక్ష్యం చెప్పడానికి లేచాను. నేను కూలబడి ప్రార్థిస్తుంటే నా టబ్బు దానంతటదే నిండిందనీ, ఇది నా బలం కాదు, దేవుని బలమనీ చెప్పాను. రేకులు అదిరేలా స్తోత్రాలు చెప్పారు. గుమాస్తా ముఖం మాడిపోయింది. ఆ మాడిన ముఖం చూసి ఆ రోజు కడుపు నింపుకున్నాను. తూ, అదీ ఒక బతుకే!

ముప్పై ఆరో రోజు మొదటి షిఫ్టులో నిండిన టబ్బు ఒకటి పట్టాలు తప్పింది. అలాంటప్పుడు ఒకరు గడ్డపారతో లేపుతుంటే ఇంకొకరు అవతల దుంగ ఆనించి పట్టుకోవాలి. ఒక్కరు చేసే పని కాదు. నేను గోడ పట్టుకొని లేవబోయాను.

"నువ్వు కూసో తమ్మీ, నేను జూస్త" అన్నాడు అన్న.

నేను కూర్చున్నాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ కూర్చోవడం తలుచుకుంటే నాకు నా ముఖం మీద ఉమ్మాలనిపిస్తుంది. అన్న ఒక్కడే గడ్డపార వేశాడు. టబ్బు కొంచెం లేచి, ఆపే దిక్కు లేక ఇటు ఒరిగి, ఆయన తొడ మీద పడింది. ఆ కేకకు పక్క పనిలో ఉన్నవాళ్ళు ఉరికొచ్చి బొగ్గు తోడి, టబ్బు లేపి, ఆయన్ని బయటికి తీశారు.

దవాఖానలో తొడ ఎముక విరిగిందన్నారు. నెత్తురు చాలా పోయింది, వెంటనే ఆపరేషన్ చెయ్యాలి, నెత్తురు దొరక్కపోతే మనిషి దక్కడన్నారు. అన్న భార్య వరండాలో నేల మీద కూర్చొని ఉంది. అన్న గుర్తింపు కార్డు మీదా నా కార్డు మీదా గ్రూపు ఒకటే. నాది తీసుకోండని చొక్కా చెయ్యి మడిచాను. అప్పటికి కూడా నేను వీరుణ్ణే. నెత్తురు పరీక్ష చేసే అతను నా వేలు గుచ్చి చూసి, నా ముఖం చూసి, ఎన్నాళ్ళ నుంచి సరిగ్గా తిండి లేదని అడిగాడు. చెప్పాను.

"నీకే ఎక్కియ్యాలె. పక్కకు జరుగు" అన్నాడు.

వదినె విన్నది. తలెత్తి నన్ను చూసింది. ఆ చూపుకు నిలవలేక గోడ వైపు తిరిగాను. ఆ ముప్పై ఆరు రోజుల్లో మొదటిసారి ఎవరికీ వినబడకుండా ప్రార్థన చేశాను. నా వల్ల కాదు, ఈయన్ని బతికించు అన్నాను. ఇంకేమీ రాలేదు నోటికి.

కాసేపటికి పాస్టరుగారూ గుమాస్తా ప్రార్థన చెయ్యడానికి వచ్చారు. కావలసింది తన గ్రూపే అని తెలిసి గుమాస్తా అటూ ఇటూ చూశాడు. తర్వాత ఆ పరీక్ష చేసే అతని దగ్గరికి పోయి చెవిలో ఏదో చెప్పాడు. అతను గొంతు తగ్గించే రకం కాదు. పదింటికి టిఫిన్ చేశావా, ఒంటిగంటకు అన్నం కూడా తిన్నావా, మంచిదే, వచ్చి పడుకో అని వరండా అంతా వినబడేట్టు అన్నాడు. పాస్టరుగారు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడిపోయారు.

ఆ టిక్కులన్నీ దొంగ టిక్కులే అన్నమాట! నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఎవరిని ఓడించాలని నేను నోరు కట్టుకున్నానో వాడు పందెంలోనే లేడు. ఇప్పుడు వాడి టిఫిన్, వాడి అన్నం నెత్తురై మా అన్న ఒంట్లోకి పోతున్నాయి. దేవుడికి ఆ దొంగ ఉపవాసం పనికొచ్చింది, నా నిఖార్సైన ఉపవాసం పనికిరాలేదు. పోనీ గుమాస్తాను అసహ్యించుకుందామంటే ఆ హక్కు కూడా నాకు మిగల్లేదు. పరువు పోతుందని తెలిసే చెయ్యి చాపాడు మరి.

అన్న బతికాడు. నేను మర్నాడు పొద్దున్నే అన్నం తిన్నాను. అన్న మంచం పక్కన కూర్చునే ధైర్యం రావడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. కళ్ళు తెరవగానే ఆయన అడిగింది, నా నలభై రోజులు ఒడిసాయా అని. మధ్యలోనే వదిలేశానని చెప్పాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అయ్యో, గంత కష్టపడ్డం గదనే. నాలుగు రోజులే ఉండె. మొక్కు తెగితే బిడ్డకేమన్న అయితదేమో" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. నిదానంగా ఆయనే చెప్పాడు. ఆ చలికాలంలో మా చిన్న బిడ్డకు మూడుసార్లు ఫిట్స్ వచ్చాయి. రెండుసార్లు దవాఖానకు ఆమెను ఎత్తుకొని ఉరికింది అన్నే. నేను అన్నం నీళ్ళు మానేయడం చూసి, అది బిడ్డ కోసం మొక్కిన మొక్కే అనుకున్నాడు. మొక్కు తెగకూడదని నా టబ్బులు నింపాడు. కన్నతండ్రి ఇంకా దేని కోసం కడుపు మాడ్చుకుంటాడని ఆయన లెక్క.

ఆ ముప్పై ఆరు రోజుల్లో, మందిరం మారుమోగేట్టు చేసిన అన్ని ప్రార్థనల్లో, ఆ బిడ్డ పేరు నేను ఒక్కసారి కూడా ఎత్తలేదు. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. బిడ్డ కోసం కాదన్నా, ఒక గుమాస్తా కంటే పై మెట్టు అనిపించుకోవడానికి అన్నాను.

అన్న తల నా వైపు తిప్పాడు.

"గంతేనా?" అన్నాడు.

"గంతే."

తిడతాడని తల దించుకున్నాను. తిట్టలేదు. బిడ్డకు ఇప్పుడెట్లా ఉందని అడిగాడు. మంచిగానే ఉంది, ఆ తర్వాత మళ్ళీ రాలేదన్నాను.

"మరింకేంది. నువ్వు మొక్కకుంటేమాయె తమ్మీ, నేను తట్ట తట్టకు మొక్కిన" అన్నాడు.