గడ్డి వంతు

కార్వాన్‌లో మా బర్రెల కొట్టం నడిపేది మా అక్క. పేరు స్వీటీ. ఆ పేరు పెట్టినవాళ్లు ఆమె నోరు విని ఉండరు. పాలలో నీళ్లు కలిపారా అని ఎవరైనా అడిగితే చాలు, పోయడం ఆపి వాళ్ల ఏడు తరాలనూ కడిగేస్తుంది. కుడిచేతికి మూడు వేళ్లు లేకపోయినా ఎనిమిది బర్రెలనూ తానే పిండుతుంది. ఆ వేళ్లు ఎలా పోయాయో గల్లీ అంతటికీ తెలుసు. ఎవరి వల్ల పోయాయో మా ఇద్దరికే తెలుసు.

నాకు పదిహేనేళ్లప్పుడు మా ఇంట్లో ఒక టీవీ ఆట ఉండేది. తెర మీద పలక, పలక నిండా గోడలు, గుంటలు. గోలీని గుంటల్లో పడకుండా దారి వెతికి ఇల్లు చేర్చాలి. చేరిస్తే ఇంకా కష్టమైన తర్వాతి ఆట తెరుచుకుంటుంది. రిమోట్ మీద మీటలు నొక్కి ఆడాలి. అక్కకు మాత్రం మీటలు సరిపోయేవి కావు. గోలీ ఎటు పోవాలో అటు రిమోట్ వంచేది, భుజం వంచేది, చివరికి మెడ కూడా.

"ఊపితే ఉరుకుతదా అక్కా, గదేమన్న బర్రెనా?" అని నేను ఏడిపించేవాణ్ణి.

కరెంటు మిషన్‌లో పెట్టి బర్రెలకు గడ్డి కోయడానికి మాకు వంతులుండేవి. ఆ సాయంత్రం వంతు నాది. బర్రెలు అరుస్తున్నాయి. పందొమ్మిదో ఆటలో ఇరుక్కుని, "ఇంకొక్కసారి అక్కా" అంటూ నేను లేవలేదు. మూడుసార్లు పిలిచి, తిట్టి, అక్కే వెళ్లింది. గడ్డితో పాటు చెయ్యి మిషన్‌లోకి పోయింది.

ఆస్పత్రిలో బాపు "వంతు ఎవరిది?" అని అడిగితే, "నాదే బాపూ" అంది. పక్కనే నిలబడి నోరు మూసుకున్నాను. అంత పిరికివాణ్ణి నేను. ఆ తర్వాత ఆమె రిమోట్ పట్టలేదు, నేను ఆ మిషన్ ముట్టలేదు. మొదట చదువన్నాను, తర్వాత నయాపూల్‌లో మొబైల్ షాపన్నాను. నిజం తెలియకుండానే బాపు పోయాడు.

ఇరవై రెండేళ్ల తర్వాత, పోయిన నెల అదే ఆట మళ్లీ విడుదలయింది, ఈసారి ఫోన్లకు. మీటలు లేవు. ఫోన్ ఎటు వంచితే గోలీ అటు దొర్లుతుంది. షాపులో అది చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆదివారం ఫోన్ తీసుకెళ్లి అక్క ముందు పెట్టాను.

"నాకేంది గీ పోరగాండ్ల లొల్లి?" అంది.

"మీటలు లేవక్కా. ఊపితే సాలు."

అనుమానంగా చూసి, ఫోన్‌ను ఎడమచేత్తో పట్టుకుని, కుడి అరచేయి కింద ఆనించింది. కాస్త వంచింది. గోలీ కదిలింది. భుజం వంగింది, మెడ వంగింది.

"సూసినవా, ఉరుకుతున్నది!"

నవ్వుదామనుకున్నాను. ఏడుపొచ్చింది.

ఒక్కో ఆటా దాటుకుంటూ పందొమ్మిదో దాని దగ్గర ఆగింది. గోలీ రెండుసార్లు గుంటలో పడింది. అప్పుడే కొట్టంలో బర్రెలు అరిచాయి. అలవాటుగా ఫోన్ పక్కన పెట్టి లేవబోయింది.

"కూసో అక్కా. గడ్డి నేనేస్తా. ఈయాల వంతు నాది."

ఆమె నా వైపు తిరిగింది. "ఆ దినం గూడ నీదే ఉండె" అంది.

"ఔ అక్కా. నాదే ఉండె. నేనే లేవలే. బాపుకు గూడ చెప్పలే."

ఆమె ఫోన్ మళ్లీ చేతిలోకి తీసుకుంది. నేను కొట్టంలోకి వెళ్లి, మోపు విప్పి, మిషన్ స్విచ్ వేశాను.

లోపలి నుంచి అక్క కేక వేసింది.

"గోవర్ధన్, చేతులు పైలంరా!"