మునిగిన ఓడలో వంటవాడు

దెయ్యాలంటే నాకు నవ్వు. దెయ్యముందని తెనాలిలో అందరూ వదిలేసిన ఇంట్లో, అద్దె తక్కువని మూడేళ్ళు కాపురమున్న మనిషిని నేను. బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. ఇది చదివి మీరు నవ్వినా నాకేం నష్టం లేదు. చూసింది చూసినట్టు చెప్తాను, అంతే.

ఎనభైల చివర్లో మాకో చిన్న ఫిల్మ్ సొసైటీ ఉండేది. నెలకో ఆదివారం పొద్దున కళ్యాణమండపం కిటికీలకు దుప్పట్లు కట్టి, విదేశీ సినిమా వేసేవాళ్ళం. రీళ్ళ డబ్బాలతోపాటు ఇంగ్లీషులో కథ రాసిన కాగితం వచ్చేది. అది ముందే చదువుకుని, తెర పక్కన మైకు పట్టుకుని తెలుగులో కథ చెప్పడం నా పని.

ఆ నెల వచ్చింది పాత స్పానిష్ సినిమా, నలుపు తెలుపు. యుద్ధకాలంలో సరుకుల ఓడ ఎక్కిన ఒక గూఢచారి కథ. అతన్ని వంటగదిలో దాచిపెట్టేది ఓడ వంటవాడు.

మా ఇంట్లోనే ఉంటున్న జయక్కను రావద్దన్నాను. వినలేదు. బావ కూడా సరుకుల ఓడలో వంటవాడే. ఏడేళ్ళ కిందట ఆ ఓడ తుఫానులో మునిగింది. శవాలు దొరకలేదు. అక్క బొట్టు తియ్యనంది. రేపల్లెలో వాళ్ళత్తగారికి అదే దిగులు. కర్మ చెయ్యకపోతే కొడుక్కి గతి ఉండదని ఆవిడ ఏడుపు. చివరికి పై ఆదివారం దర్భలతో బావ బొమ్మ చేసి, దహనం చేసి, అక్క బొట్టూ గాజులూ తీయించాలని నిర్ణయించారు. ఒప్పుకోమని నేనూ అక్కను పోరాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే కోపం.

సినిమా మొదలైంది. యంత్రం నడిపే మస్తాన్ పొరపాటున రెండో రీలు బదులు మూడోది ఎక్కించాడు. ఓడ పేలింది. "పాపం వంటవాడు ఓడతోపాటు మునిగిపోయాడు" అని మైకులో చెప్పేశాను. తర్వాతి రీల్లో ఆ వంటవాడే కాఫీ గ్లాసుతో ఓడ పైకి వచ్చి నిలబడ్డాడు. హాలంతా గొల్లున నవ్వింది.

రీళ్ళు తారుమారయ్యాయని చెప్పబోయాను. అంతలో తెరమీద ఆ మనిషి మొదటి గుక్క సముద్రంలో ఒలకబోశాడు. గ్లాసు రెండు కళ్ళకీ అద్దుకున్నాడు. ఆ తర్వాతే తాగాడు.

బావ అచ్చం అలాగే చేసేవాడు. మొదటి గుక్క గంగమ్మదని నిజాంపట్నం జాలర్ల దగ్గర నేర్చుకున్నాడు. ఇంటి దగ్గరున్నా పెరట్లో టీ ఒలకబోసి అక్కతో తిట్లు తినేవాడు.

చీకట్లో అక్క లేచి నిలబడింది. "మీ బావరా" అంది. అరవలేదు, ఏడవలేదు.

మనసులో ఉన్నదే కంటికి కనిపించిందని సర్దిచెప్పుకున్నాను. కానీ రీలు చుట్టుకుంటూ మస్తాన్, "ఆ దొరల వంటోడు మనోళ్ళలాగా గ్లాసు కళ్ళకద్దుకున్నాడేంటి సార్?" అన్నాడు. మస్తాన్‌కి మా బావ ఎవరో తెలియదు.

శుక్రవారం అవే డబ్బాలు బాపట్లలో ఆడించారు. సెలవు పెట్టి వెళ్ళాను. మస్తానే నడిపాడు, రీళ్ళు ఈసారి వరసలోనే ఉన్నాయి. వంటవాడు పైకొచ్చాడు, కాఫీ తాగాడు, వెళ్ళిపోయాడు. ఒక్క చుక్క సముద్రంలో పడలేదు. ఆట అయ్యాక ఆ రీలు కిటికీ వెలుగులో పెట్టి మూరల కొద్దీ చూశాం. ఎక్కడా కత్తిరించిన గుర్తు లేదు, అతుకు లేదు. మస్తాన్ రీలు చుట్టి డబ్బాలో పెట్టేశాడు.

ఆదివారం రేపల్లెలో పురోహితుడు వచ్చి కూర్చున్నాడు. చాప మీద దర్భ బొమ్మ పడుకుని ఉంది. అక్క గుమ్మం దగ్గర చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

"చదువుకున్నోడివి, నువ్వైనా చెప్పు బాబూ మీ అక్కకి" అంది అత్తగారు.

"ఆ బొమ్మ తీయించెయ్యండి అత్తయ్యగారూ" అన్నాను. "మా అక్క బొట్టు మా అక్క ఇష్టమండి. ఇంకెవరూ దాని జోలికి రావద్దు."

సినిమా సంగతి ఎత్తలేదు. ఎత్తితే నవ్వుతారని కాదు. అక్క మాట నిలబడడానికి సాక్ష్యం ఎందుకనిపించింది.

బావ రాలేదు. ఉత్తరమూ రాలేదు. ఆ పొద్దున తెరమీద కనిపించిందేమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. దెయ్యాలను ఇప్పటికీ నమ్మను.

అక్క మాత్రం రోజూ టీ మొదటి గుక్క పెరట్లో పోస్తుంది. ఆ పక్కనే నిలబడి నా గ్లాసులోదీ పోస్తాను.