కంచె మీద రెయిన్‌కోటు

కోటగిరి దాటి మంజీర ఒడ్డుకు చేరేసరికి మాడు పగిలే ఎండ. ఫౌజు నుంచి వచ్చాక నాకు దొరికిన డ్యూటీ అక్కడి వాతావరణ కేంద్రంలో. ఇనుప కంచె. లోపల వాన కొలిచే డబ్బా, ఉష్ణోగ్రత చూసే తెల్ల పెట్టె, రేకుల గది. పొద్దున ఎనిమిదిన్నరకు కొలత తీయాలి, నిజామాబాద్‌లోని ఆఫీసరుకు ఫోన్లో చెప్పాలి. మంచుకొండల్లో అరిగిన మోకాళ్లకు ఇదే చాలనుకున్నాను.

ఊరివాళ్లు వదిలితే కదా.

"సార్, ఇయ్యాల వాన పడ్తదా?"

"పడ్డంక ఎంత పడ్డదో చెప్త."

కొలవడమే నా పని. ఎవరూ నమ్మలేదు. తెలిసీ దాస్తున్నానని అనుకునేవాళ్లు. చివరికి నా ఫౌజీ రెయిన్‌కోటును వానకు గుర్తుగా పట్టుకున్నారు. ముక్కవాసన వస్తోందని దాన్ని కంచె మీద ఆరేస్తే చాలు, రోడ్డు మీద ఆరబోసిన వడ్లకు టార్పాలిన్లు కప్పేవాళ్లు. నవ్వాలో ఏడవాలో తెలియక, దాన్ని గదిలోనే ఆరేసుకోవడం మొదలుపెట్టాను.

ఎండాకాలం, యాసంగి వరి కోతలప్పుడు ఒక మధ్యాహ్నం గాలి ఆగిపోయింది. ఎగువన ఇలాంటి కేంద్రమే నడిపే తోటి ఉద్యోగి ఫోన్ చేశాడు.

"అన్నా, ఈడ రాళ్లవాన దంచుతున్నది. మీ దిక్కే వస్తున్నది."

ఊరికి చెప్పనా అని ఆఫీసరును అడిగాను.

"వద్దు. మనకు ఆర్డర్ లేదు. పడకపోతే మననే తిడ్తరు."

ఆర్డర్లు విని విని విసిగిపోయాను. ఊరికి నోటితో ఏమీ చెప్పలేదు. రెయిన్‌కోటు తెచ్చి కంచె మీద వేశాను. రోడ్డంతా ఒక్కసారి లేచింది.

కంచెకు ఎదురుగా వడ్లు ఆరబోసిన సాయవ్వది కౌలు పొలం. పచ్చి వడ్లు ఎవరూ కొనరు. ఆ కుప్ప ఆరితేనే ఆమెకు ఆ ఏడు తిండి. అందరితోపాటే కప్పింది గానీ, ఈదురుగాలికి టార్పాలిన్ లేచి కాలువలో పడింది. అంతలోనే రాళ్లు మొదలయ్యాయి. సాయవ్వ చేతులు చాపి కుప్ప మీద బోర్లా పడుకుంది.

రెయిన్‌కోటు పట్టుకొని ఉరికాను. "లే అవ్వా, దెబ్బలు తాకుతయి!"

"నా మీద కాదు బిడ్డా, వడ్ల మీద కప్పు!"

వడ్ల మీదే కప్పాను. ఒక మూలకు సరిపోయింది. వాన ఆగాక ఆమెను లేపాను. వీపంతా కమిలిపోయింది. మర్నాడు కొలత చెబితే ఆఫీసరు "మంచిగనే పడ్డది" అన్నాడు. ఫోన్ విసిరికొట్టాలనిపించింది.

కోతలు అయిపోయాక ఆ డ్యూటీ మానేసి నిజామాబాద్‌లో మా ఇంటికి వచ్చేశాను. ఒంట్లో ఓపిక లేదు. ఫౌజులో ఏం చూశావని జనం అడుగుతారు. తుపాకుల సంగతులు చెప్తాను. కళ్ల ముందు మాత్రం తడిసిన ఆ కుప్పే ఉంటుంది. సాయవ్వ లేచిన చోట, చాపిన చేతులతో సహా, ఒక మనిషంత మేర పొడిగా మిగిలిన వడ్లు.